రోనాల్డ్ రాస్ లెక్కలో సున్నాలు

తొమ్మిదో తరగతిలో జీవశాస్త్రం సారు బోర్డు మీద దోమ బొమ్మ వేసి, పక్కన రోనాల్డ్ రాస్ అని రాసి, దాని కింద సికింద్రాబాద్ అని రాసి గీత గీశారు. కోరుట్లలో బస్సెక్కితే దిగే ఊళ్లో నోబెల్ బహుమతి తెచ్చిన పని జరిగిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆయన చూపిన దారిలోనే నా జీతం ఉందని అప్పుడు తెలియదు. 1970ల చివర కొలువులో చేరి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్లలో సైకిల్ మీద తిరుగుతూ, జ్వరం వచ్చినవాళ్ల వేలికి సూది గుచ్చి గాజుపలక మీద నెత్తురు పూత తీసే మలేరియా సారునయ్యాను. సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడగ్గానే ఆయనే గుర్తొచ్చాడు. రాస్ కథలో అందరికీ తెలిసింది దోమ. తక్కువమందికి తెలిసింది లెక్క.

1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులే. తండ్రి సైన్యంలో అధికారి. ఎనిమిదేళ్ల పిల్లవాడిని చదువుకోసం ఇంగ్లండు పంపారు. రచయిత కావాలని, బొమ్మలు వేయాలని కొడుకు కోరిక. డాక్టరు కావాలని తండ్రి పట్టు. తండ్రి మాటే నెగ్గింది. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వైపు వచ్చాడు. కొలువులో తీరిక దండిగా దొరికింది. ఆ తీరికలో నవలలు, పద్యాలు రాశాడు. గురువు లేకుండా గణితం నేర్చుకున్నాడు. ఈ గణితం సంగతి కాస్త గుర్తుంచుకోండి.

1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు మలేరియా రోగి నెత్తురులోని క్రిమిని సూక్ష్మదర్శినిలో చూపించి, దోమల మీద తన అనుమానం చెప్పాడు. మరుసటి ఏడు రాస్ సికింద్రాబాద్ పటాలానికి వచ్చి దోమలను కోయడం మొదలుపెట్టాడు. నడుమ గత్తర అణచమని బెంగళూరుకు పంపారు. ఊటీ దగ్గర తనకే మలేరియా పట్టుకుంది. మళ్లీ సికింద్రాబాద్ చేరేసరికి 1897 జూన్. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంకా లాగనిచ్చేవాడు కాదు. హుసేన్ ఖాన్ అనే రోగి ఒక్కో దోమ కాటుకు ఒక అణా తీసుకుని ఒళ్లప్పగించాడు. (నోబెల్ కథ చెప్పేటప్పుడు ఈ హుసేన్ ఖాన్‌ను చాలామంది మరచిపోతారు.) ఆగస్టు 20న, రెక్కల మీద మచ్చలున్న ఒక దోమ పొట్టగోడలో మలేరియా క్రిమి కనబడింది. తరువాతి నెలలోనే బదిలీ. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద దోమ నుంచి పిట్టకు చేరే దారి మొత్తం తేల్చాడు. 1902లో నోబెల్ వచ్చింది. నల్లకుంటలో మనవాళ్లు కోరంటి దవాఖాన అని పిలిచే ఆసుపత్రి ఆయన పేరు మీదే ఉంది.

నాకు ఆగస్టు 20 కన్నా దాని ముందరి రెండేళ్లే గొప్పగా అనిపిస్తాయి. కోసిన దోమ కోసినట్టే ఉత్తదని తేలుతుంటే, ఆ ఉత్తవాటినీ నోటుపుస్తకంలో ఎక్కించాడు. ఒక రకం దోమలో ఎన్నిసార్లు వెతికినా లేదని రాసి ఉంటేనే కదా, రకం మార్చి చూడాలని తోచేది.

బహుమతి తరువాత మరో ముప్పయ్యేళ్లు బతికాడు. అందులో చాలా కాలం లెక్కలకే పెట్టాడు. 1907లో మారిషస్ వెళ్లి బడిపిల్లల పొట్టలు తడిమి, ప్లీహం ఉబ్బినవాళ్లెందరో లెక్క తీయించాడు. ఊళ్లో దోమలన్నింటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే మలేరియా తనంతట తానే ఆరిపోతుందని గణితంతో చూపించాడు. అప్పట్లో ఈ మాట చాలామందికి ఎక్కలేదు. 1916, 1917లలో, కొంతభాగం హిల్డా హడ్సన్ అనే గణిత పండితురాలితో కలిసి, ఏ అంటురోగానికైనా పనికొచ్చే సిద్ధాంతం అచ్చువేశాడు. దాని సారం మన భాషలో చెబుతాను. గీత కార్మికుడు తాటిచెట్టు మీంచి పడితే ఆ పడడం పక్కింటాయనకు అంటదు. జ్వరం అట్లా కాదు. రేపు ఎందరికి వస్తుందన్నది ఇవ్వాళ ఎందరికి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ మరుసటి ఏడే, 1918లో, ఇన్‌ఫ్లుయెంజా వచ్చి మన దేశంలో కోటిమందికి పైగా పొట్టన పెట్టుకుంది.

1901లో సియెర్రా లియోన్ ప్రయాణంలో రాస్ వెంట మెకెండ్రిక్ అనే యువ డాక్టరు వెళ్లాడు. లెక్కల పిచ్చి గురువు నుంచి ఆయనకూ అంటింది. మన దేశంలోనే ఏళ్ల తరబడి పనిచేసిన ఈ మెకెండ్రిక్ 1926లో ఇక్కడి ఒక పల్లె గత్తర లెక్క తీశాడు. 223 ఇళ్లు. 168 ఇళ్లలో ఒక్కరికీ రాలేదు. 32 ఇళ్లలో ఒక్కొక్కరికి, 16 ఇళ్లలో ఇద్దరేసికి, 6 ఇళ్లలో ముగ్గురేసికి, ఒక ఇంట్లో నలుగురికి వచ్చింది. రోగం వచ్చిన ఇళ్ల తీరు నుంచి వెనక్కి లెక్కగట్టి, అసలు ప్రమాదంలో ఉన్నవి 93 ఇళ్లేనని తేల్చాడు. అంటే 168 సున్నాల్లో ఓ 38 ఇళ్లు అదృష్టం కొద్దీ తప్పించుకున్నవి, మిగతావాటికి ఆ గత్తర చేరనేలేదు. ఆ 93 ఇళ్లవాళ్లు ఒకే చెడిన బావి నీళ్లు తాగుతుండాలని ఊహించాడు. ఊళ్లో విచారిస్తే అదే నిజమైంది. మరుసటి ఏడు కెర్మాక్‌తో కలిసి, 1905-06లో బొంబాయి పలేగు చావుల వారం వారం లెక్కకు తమ సమీకరణాన్ని సరిపోల్చి చూపాడు. 2020లో గల్ఫ్ నుంచి వచ్చిన మన పిల్లలను ఇళ్లలో విడిగా ఉంచిన రోజుల్లో, ఒక్కరి నుంచి ఎందరికి సోకుతుందని టీవీల్లో గీసిన గీతలు ఈ వంశానివే. ఫ్లూకీ అవే వాడతారు. రాస్ 1932 సెప్టెంబరు 16న పోయాడు.

ఇప్పుడు నా సున్నాల సంగతి. ఊరి పేరు రాయను. ఒక వానకాలం, రేగడి మట్టి సైకిల్ చక్రాలకు చుట్టుకుని కదలనివ్వకపోతే, వేపచెట్టు కింద కూర్చుని మూడు వాడలకు జ్వరాలు లేవని రిజిస్టర్ నింపేశాను. నలభై ఇళ్లు, నలభై సున్నాలు. ఇంటింటి గోడ మీద మేం వచ్చిన తారీఖు వేసే గళ్లుంటాయి. అవి మాత్రం నింపలేదు, నింపాలంటే ఇంటిదాకా పోవాలి కదా.

పదిహేను రోజులకు పోతే ఇంటికొకరు మంచం పట్టి ఉన్నారు. ఒక ముసలమ్మ నన్నేమీ అనలేదు. గోడ మీది ఖాళీ గడి మీద వేలు పెట్టి చూపించి, మనవడిని నా ముందు కూర్చోబెట్టింది. ఆ రోజు తీసిన పూతల్లో చాలావాటిలో మలేరియా తేలింది. పాత పేజీ దిద్దుదామంటే వీల్లేకపోయింది, అప్పటికే నెల లెక్క పైకి పోయింది. ఆ ఏటి జిల్లా అంకెల్లో నా నలభై సున్నాలు ఇంకా కలిసే ఉంటాయి.