లండన్ రైలు మ్యాపు గీసిన డ్రాఫ్ట్స్‌మన్ – హ్యారీ బెక్

స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా గొప్పవారి జీవితం గురించి రాయమని మన సంఘం మిత్రులు అడిగారు. నేను ఇంజనీరుని, కవులూ నాయకుల గురించి రాయగలిగినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అందుకని మా వృత్తికి దగ్గరివాడు, ఒక డ్రాఫ్ట్స్‌మన్ గురించి రాస్తున్నాను.

మన చిన్నతనంలో సాలూరు రైలుకి మ్యాపు అక్కర్లేదు. ఒక కొస సాలూరు, మరో కొస బొబ్బిలి. తర్వాత రైలుబస్సు వచ్చినా అంతే. హైదరాబాదులో మొదటిసారి మెట్రో ఎక్కినప్పుడు మాత్రం మ్యాపు కోసం వెతుక్కున్నాను. ఎరుపు, నీలం, ఆకుపచ్చ గీతలు. అమీర్‌పేటలో ఎర్ర గీత నుంచి నీలం గీతకి మారాలని అర నిమిషంలో తెలిసిపోయింది. ఆ ఊరికి కొత్తవాడినైన నాకు దారి చెప్పిన ఆ పద్ధతి ఎవరిదని ఆరా తీస్తే, హ్యారీ బెక్ పేరు తెలిసింది.

బెక్ 1902 జూన్ 4న లండన్‌లోని లేటన్‌లో పుట్టారు. 1925లో లండన్ భూగర్భ రైల్వే సిగ్నల్ ఆఫీసులో తాత్కాలిక డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. విద్యుత్ వలయాల డ్రాయింగులు గీయడం ఆయన పని. కొన్నేళ్ళకి సంస్థ ఖర్చులు తగ్గించుకుంటూ ఆయన్ని పనిలోంచి తీసేసింది. అలా ఖాళీగా ఉన్న 1931లోనే, ఎవరూ అడక్కుండా, తన సొంత సమయంలో ఆ మ్యాపు గీశారు.

అప్పటిదాకా ఉన్న మ్యాపులో లైన్లు నేల మీద ఎలా వంకర్లు తిరిగాయో అలాగే ఉండేవి. నగరం నడిబొడ్డున స్టేషన్లు కిక్కిరిసి పేర్లు చదవడం కష్టమయ్యేది. శివార్ల స్టేషన్లు ఎక్కడో దూరాన పడేవి. బెక్ ఆలోచన వేరు. భూమి లోపల ప్రయాణించేవాడికి పైన వీధి ఎటు తిరిగిందో ఎందుకు? ఎక్కడ మారాలి, ఎక్కడ దిగాలి – ఈ రెండూ తెలిస్తే చాలు. అందుకే గీతలన్నీ అడ్డంగానో, నిలువుగానో, 45 డిగ్రీల ఏటవాలుగానో పెట్టారు. మన జామెట్రీ పెట్టెలోని మూలమట్టం చాలు ఆ కోణాలకి! రద్దీగా ఉన్న మధ్యభాగాన్ని పెద్దది చేసి, శివార్లను దగ్గరకి లాగారు. నేల మీది గుర్తుల్లో థేమ్స్ నదిని ఒక్కదాన్నే ఉంచారు.

ప్రచార విభాగం మొదట ఆ మ్యాపుని తిప్పి పంపింది. దూరాలు సరిగా చూపని మ్యాపుని జనం ఒప్పుకోరని వాళ్ళ భయం. బెక్ మరుసటి ఏడు మళ్ళీ ఇచ్చారు. ఈసారి 500 ప్రతులు కొద్ది స్టేషన్లలో పెట్టి చూశారు. జనానికి నచ్చింది. 1933 జనవరిలో లక్షల ప్రతులు అచ్చయ్యాయి, నెల తిరక్కుండానే మళ్ళీ వేయాల్సి వచ్చింది. ఆ పనికి ఆయనకి ముట్టింది కొద్ది గినీలు మాత్రమే.

ఆ తర్వాత పాతికేళ్ళకి పైగా, కొత్త లైను వచ్చినప్పుడల్లా, ఆ మ్యాపుని దిద్దుతూనే ఉన్నారు. 1947 నుంచి ఒక ముద్రణ కళాశాలలో పాఠాలు కూడా చెప్పారు. కానీ 1960లో ఆయనకి చెప్పకుండానే మరొకరి పేరుతో కొత్త మ్యాపు వచ్చింది. మూలలు పదునుగా ఉండి, పేర్లు ఇరుక్కుపోయిన ఆ మ్యాపు జనానికి నచ్చలేదు. నాలుగేళ్ళలో దాన్ని మార్చి మళ్ళీ బెక్ పద్ధతికే వచ్చారు, కానీ పని మాత్రం ఆయనకి ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసినా ఫలితం లేకపోయింది. 1974 సెప్టెంబరు 18న కన్నుమూశారు. ఇప్పుడు లండన్ మ్యాపు మీద ఆయన పేరు అచ్చవుతోంది. చూసుకోవడానికి ఆయన లేరు.

ఈ జీవితం చదువుతుంటే నాకో పాత సంగతి గుర్తొచ్చి తల దించుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ప్యానెల్ డ్రాయింగు ఎవరికీ అర్థం కావడం లేదంటే, మా డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన రాత్రి ఇంటి దగ్గర కూర్చుని మొత్తం సులువుగా మార్చి గీసి తెచ్చారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నేను తీసుకున్నాను. ఆ షీటు మీద సంతకం నాది, ఆయన పేరు ఎక్కడా లేదు. ఆయన ఒక్క మాటా అనలేదు. నేను సరిదిద్దుకునేలోపే రిటైరై వెళ్ళిపోయారు.

మన బడిలో లెక్కల మాస్టారు ఎవరి పుస్తకంలో చూసి ఎవరు రాశారో ఇట్టే పట్టేసేవారు. ఆయన ఇప్పుడు నా షీటు చూస్తే ఏమనేవారో నాకు తెలుసు. ఈ సంచిక చదివే చిన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పగలిగింది ఇదే: తెలిసినదంతా గీయకండి, ఎదుటివాడికి కావలసింది గీయండి. గీసినవారి పేరు మాత్రం, వారు ఉండగానే, కింద రాయండి.