తెలియదని ఒప్పుకొన్న పెద్దాయన



గాలం వేయడమంటే మీకు తెలిసిందే. ఒక వెదురు కర్ర, దారం, బెండు, కొక్కేనికి గుచ్చిన వానపాము. ఇంగ్లండు వాగులలో మరొక పద్ధతి ఉన్నది. కొక్కేనికి పట్టుదారం, పక్షి ఈకలు చుట్టి ఈగలాంటి ఎరను తయారు చేస్తారు. అది పైన తేలక, కొంచెం మునిగి ప్రవాహంతోపాటు పోతుంది. ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండులలో ఒకే దారానికి ఎడమెడంగా రెండు మూడు ఈగలు కట్టడం సంప్రదాయమైంది. చేపకు ఆ పూట ఏది రుచిస్తుందో అలా తెలుస్తుంది. వాగులో పుట్టే పురుగులు నెలనెలకూ మారతాయి గనుక కట్టే ఈగలూ మారాలి.

చేపల వేటపై ఇంగ్లీషువారు తరతరాలుగా చదువుకొంటున్న పుస్తకం 'ది కంప్లీట్ యాంగ్లర్'. దానిని వ్రాసిన ఐజాక్ వాల్టన్ గారి కథ నేడు మీకు చెబుతాను.

ఆయన 1593లో స్టాఫర్డు పట్టణంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి చనిపోయాడు. లండను చేరి బట్టల వ్యాపారం నేర్చుకొన్నారు. 1626లో రేచల్ అనే ఆమెను వివాహమాడారు. వారికి ఏడుగురు బిడ్డలు పుట్టారు. ఏడుగురూ చిన్నతనంలోనే కన్నుమూశారు. 1640లో రేచల్ కూడా మరణించింది. తరువాత ఆన్ కెన్ అనే ఆమెను చేసుకొన్నారు. ఆ ముగ్గురు బిడ్డలలోనూ ఒకరు పసికందుగానే పోయారు. ఎనిమిది చిన్న సమాధులు! మీ ఇంట ఒక్క బిడ్డను పోగొట్టుకొన్నవారైతే ఆ బరువు మీకు తెలుస్తుంది.

దేశం కూడా ప్రశాంతంగా లేదు. 1642లో అంతర్యుద్ధం మొదలైంది. 1649లో రాజుకు శిరచ్ఛేదం జరిగింది. రాజపక్షం వాడైన వాల్టన్ గారు 1653లో ఈ పుస్తకం వెలువరించారు. అందులో కోపతాపాలు లేవు. వాగు గట్టున నడుస్తూ మాట్లాడుకొనే మనుషులున్నారు.

అయితే ఈగలతో ట్రౌటు చేపను పట్టే విద్య వద్దకు వచ్చేసరికి ఆయన గొప్పలకు పోలేదు. థామస్ బార్కరు అనే ఆయన వ్రాసిన చిన్న పుస్తకం నుండి ఆ విధానాన్ని తీసుకొంటున్నానని పేరు పెట్టి చెప్పారు. పుస్తకానికి మంచి పేరు వచ్చి, పలుమార్లు అచ్చయింది. ఇక చాలునని ఊరుకోవచ్చు. కాని 1676లో, ఎనభై దాటిన వయస్సులో, అయిదవ ముద్రణకు రెండవ భాగాన్ని మరొకరి చేత వ్రాయించి చేర్చారు.

ఆ మరొకరు చార్లెస్ కాటన్. మన గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర కాదు సుమా! ఈయన డవ్ నది ఒడ్డున ఉండే జమీందారు, వాల్టన్ గారికంటే 37 ఏండ్లు చిన్నవాడు. వాల్టన్ గారు గురువుల జీవితచరిత్రలు వ్రాసిన భక్తిపరుడు. కాటన్ ఎగతాళి పద్యాలు వ్రాసి అప్పుల్లో మునిగినవాడు. ఊరిపెద్దలు చూస్తే ఈ స్నేహమేమిటని పెదవి విరిచేవారే. కాని ఈగల విద్యలో కాటన్ దిట్ట. జనవరి నుండి డిసెంబరు వరకు ఏ నెలకు ఏ ఈగ కట్టాలో, దానికి ఏ రంగు బొచ్చు, ఏ ఈక వాడాలో పది రోజులకు కొంచెం పైగా కూర్చొని వ్రాసి ఇచ్చాడు.

కాటన్ ఆయనను తండ్రిగా పిలిచేవాడు. ఆయన కాటన్‌ను కుమారుడిగా ఎంచారు. 1674లో కాటన్ డవ్ ఒడ్డున ఒక చిన్న రాతి ఇల్లు కట్టించి, ద్వారంపైన ఇద్దరి పేర్ల తొలి అక్షరాలను పెనవేసి చెక్కించాడు. ఆ ఇల్లు నేటికీ నిలిచి ఉన్నది.

వాల్టన్ గారు 1683 డిసెంబరు 15న వించెస్టరులో తనువు చాలించారు. ఆయన వీలునామా ద్వారా షాలోఫర్డులోని పొలం చివరకు స్టాఫర్డు పేదలకు చెందింది. దాని ఆదాయంతో పేద పిల్లలకు పని నేర్పించాలని, చలికాలంలో బీదలకు బొగ్గులు పంచాలని ఏర్పాటు చేశారు.

పాఠకులారా, మన ఇండ్లలోనూ పెద్దలున్నారు. చిన్నవాడి వద్ద నేర్చుకోవడం నామోషీ అనుకొంటాము. ముఖ్యంగా ఆ చిన్నవాడు మనకు నచ్చని దారిలో నడిచేవాడైతే పలకరింపు కూడా మానేస్తాము. ఈ వారం మీ కుటుంబంలో అటువంటి వాడెవడో తలచుకొనండి. వాడికి బాగా తెలిసిన పని ఒకటి ఉంటుంది. వెళ్లి, అది నాకు నేర్పు నాయనా అని అడిగి చూడండి.