త్రుగనిని

ఆస్ట్రేలియాకు దక్షిణమున నున్న టాస్మేనియా ద్వీపపు ఆదివాసి వనిత త్రుగనిని, సుమారు 1812లో జన్మించెను. 1803లో వచ్చిన ఆంగ్లేయులు అప్పటికే ఆమె జాతివారి వేటభూముల నాక్రమించుచుండిరి. 1830 మొదలు ఆమె రాబిన్సన్ దొర వెంట తిరిగి, రక్షణ లభించునను ఆశతో తనవారిని లొంగిపోవుట కొప్పించెను. ఫ్లిండర్స్ దీవికి తరలింపబడినవారిలో పెక్కురు రోగములకు బలియైరి; 1847 నాటికి 47 మందియే మిగిలిరి.

1876లో ఆమె మరణింపగా, ఆ జాతియే అంతరించినదని చరిత్రకారులు వ్రాసిరి. ఆమె అస్థిపంజరమును 1904 నుండి 1947 వరకు మ్యూజియములో ప్రదర్శించిరి. 1976లో గాని ఆమె భస్మము కడలి చేరలేదు. నాడు ఆమెకు వీడ్కోలు పలికినవారిలో ఆ జాతి సంతతివారును ఉండిరి. గ్రంథములు లేదన్న జాతి నేటికిని జీవించియే యున్నది.