తండ్రి మాట నిలబెట్టిన ఖుదాబఖ్ష్ గారు

దానధర్మాలనగానే మనకు మసీదు, మదర్సా, ముసాఫిర్ఖానా గుర్తుకొస్తాయి. పుస్తకాలను దానం చేసి పేరు నిలుపుకున్న మహనీయులు ఖాన్ బహదూర్ ఖుదాబఖ్ష్ గారు. వారి జీవితాన్ని మన సభ్యులకు క్లుప్తంగా పరిచయం చేస్తున్నాము.

వారు 1842లో బీహారులోని నాటి సారన్ జిల్లాలో జన్మించారు. తండ్రి ముహమ్మద్ బఖ్ష్ గారు పాట్నాలో వకీలు. చేతిరాత గ్రంథాలంటే ఆయనకు ప్రాణం. 1876లో కన్నుమూసే ముందు, తాను సేకరించిన 1,400 రాతప్రతులను కొడుక్కి అప్పగించి, వీటిని ఇంకా పెంచి అందరూ చదువుకునేలా గ్రంథాలయం పెట్టమని కోరారు.

ఆ మాటే ఖుదాబఖ్ష్ గారికి జీవితాశయమైంది. వకాలతులో వచ్చిన సొమ్మంతా పుస్తకాలకే పోసేవారు. ముహమ్మద్ మక్కీ అనే అరబ్బును జీతానికి పెట్టుకుని కైరో, దమాస్కస్, బీరూట్ నగరాలలో గ్రంథాలు వెదికించారు. చివరికి 1891లో దాదాపు 4,000 రాతప్రతులతో గ్రంథాలయం తెరిచి, మొత్తం ప్రజలకే రాసిచ్చేశారు.

1895లో నిజాం ప్రభుత్వ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా హైదరాబాదు వచ్చి మూడేళ్లు పనిచేశారు. అప్పటి ఒక ముచ్చట చరిత్రకారులు జదునాథ్ సర్కార్ గారు రాసిపెట్టారు. ఒక సాయంత్రం కోర్టు నుంచి వస్తుంటే, దారిలో ఒక కిరాణా కొట్టులో పిండి బస్తా మీద చిరిగిన పుస్తకాల కట్ట కనబడింది. కొట్టువాడు ఇంకెవరికైనా మూడు రూపాయలకే ఇచ్చేవాడట. కానీ జడ్జి గారంతటి వారు అడిగారు కాబట్టి ఇందులో ఏదో విలువ ఉందనుకుని ఇరవై అడిగాడు. ఆ కట్టలో మరెక్కడా దొరకని పాత అరబ్బీ గ్రంథసూచిక ఉంది. దానికి నిజాం 400 రూపాయలిస్తామన్నా అది పాట్నాకే చేరింది.

ఇంత సంపాదించిన మనిషి చివరి రోజుల్లో అప్పులపాలయ్యారు. ఆ అప్పు తీర్చడానికి ప్రభుత్వం 8,000 రూపాయలిచ్చింది. 1908లో పరమపదించారు. ఆ గ్రంథాలయ ఆవరణలోనే వారి సమాధి ఉంది. 1969లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. ఇప్పుడక్కడ 21,000కు పైగా రాతప్రతులున్నాయి. అక్బరు కాలపు తైమూరు వంశ చరిత్రను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

మన ఇళ్లలోనూ తాతల నాటి ట్రంకుపెట్టెల్లో అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ రాతలు ఉండే ఉంటాయి. పిల్లలకు ఆ లిపి రాదు కనుక అవి చిత్తుకాగితాల్లా కనిపిస్తాయి. పారేసే ముందు, పాతకాగితాల వాడికి తూచి ఇచ్చే ముందు, చదవగలిగిన పెద్దలకు ఒక్కసారి చూపించండి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఇలాంటివి వేలల్లో భద్రంగా ఉన్నాయి. అవన్నీ ఒకనాడు ఎవరో ఒకరు పారేయకుండా దాచినవే. మన వంతుగా మనమూ దాచుదాం. అల్లాహ్ ఖుదాబఖ్ష్ గారికి జన్నత్ ప్రసాదించుగాక. ఆమీన్.