ఉరోస్థి ముక్కలను లెక్కించిన వెసాలియస్

రొమ్ము నడుమ నిలువుగా ఉండే ఎముకను ఉరోస్థి అంటారు. అందులో ముక్కలెన్ని అన్న చిన్న ప్రశ్న పదహారవ శతాబ్దంలో ఒక గురుశిష్యుల కలహంలో భాగమైనది. ఆ శిష్యుడు ఆండ్రియాస్ వెసాలియస్.

ఆయన 1514 డిసెంబరు 31న బ్రస్సెల్స్‌లో జన్మించినాడు. తండ్రి చక్రవర్తి ఆస్థానంలో ఔషధాలు సిద్ధపరిచేవాడు. 1533లో వెసాలియస్ వైద్యవిద్యకై పారిస్ చేరి, సిల్వియస్ అనే పండితునికి శిష్యుడైనాడు. ఆనాటి శరీరశాస్త్ర బోధన విచిత్రమైనది. ఆచార్యుడు ఎత్తైన పీఠంపై కూర్చుండి గాలెన్ గ్రంథం చదివేవాడు. క్రింద క్షురకుడు శవాన్ని కోసేవాడు. గ్రంథానికీ శవానికీ పొత్తు కుదరకపోతే గ్రంథమే నెగ్గేది. ఈ గాలెన్ మన యునానీ వైద్యులు నేటికీ గౌరవంతో స్మరించే జాలీనూసే.

1536లో యుద్ధం వల్ల వెసాలియస్ లూవెన్‌కు తిరిగివచ్చినాడు. ఊరి వెలుపల ఉరికంబానికి వ్రేలాడుతున్న ఒక నేరస్థుని అస్థిపంజరాన్ని రహస్యంగా ఇంటికి చేర్చుకొన్నాడు. మరుసటి సంవత్సరం పాడువా విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొని, ఇరవై మూడేళ్ళు నిండకుండానే అక్కడ ఆచార్యుడైనాడు. పీఠం దిగి, కత్తి తానే పట్టినాడు. 1543లో బాసెల్ నగరంలో అచ్చయిన ఆయన మహాగ్రంథం మానవదేహ నిర్మాణాన్ని ఏడు భాగాలలో, అపురూపమైన చిత్రాలతో వివరించినది.

గాలెన్ ఉరోస్థిలో ఏడు ఎముకలున్నాయని వ్రాసినాడు. వెసాలియస్ తాను చూచినవి మూడేనన్నాడు. అయితే గాలెన్ కల్పించి వ్రాసినవాడు కాడు. రోమునగరంలో మానవశవాన్ని కోసే వీలులేక ఆయన కోతులను పరీక్షించినాడు. కోతి పెరిగి పెద్దదైనా దాని ఉరోస్థి ముక్కలు విడివిడిగానే ఉంటాయి. మనిషిలో ఆ స్థితి బాల్యంతో సరి. శిశువు పుట్టేనాటికి ఉరోస్థిలో అధికభాగం మృదులాస్థి. గట్టి ఎముక అందులో చుక్కలుగా మాత్రమే కనిపిస్తుంది. ఆ చుక్కలు పెరిగి ముక్కలవుతాయి. నడిమి భాగంలోని నాలుగు ముక్కలు యౌవనారంభం నుండి, క్రిందివి ముందు, పైవి తరువాత, ఒకదానితో ఒకటి అతుక్కొంటూ సుమారు 25 ఏళ్ళకు ఒకే ఎముక అవుతాయి. అడుగున కత్తిమొన వలె ఉండే భాగం మూడేళ్ళు దాటిన తరువాతగాని గట్టిపడ నారంభించదు. అది పై ఎముకతో కలవడానికి నలభై ఏళ్ళు పట్టవచ్చు. పై భాగమైతే ముసలితనంలో సైతం తరచు వేరుగానే ఉండిపోతుంది. ఈ సంగతి తెలిస్తే ఇద్దరి లెక్కలకూ తేడా ఎందుకు వచ్చినదో బోధపడుతుంది.

సిల్వియస్ ఒప్పుకోలేదు. గాలెన్ తప్పలేదనీ, నాటికీ నేటికీ మానవదేహమే మారిపోయినదనీ వాదించినాడు. పూర్వవీరుల విశాల వక్షాలలో ఎముకలు ఎక్కువే ఉండేవట! గురుభక్తి ఎంతటి విద్వాంసుని చేతనైనా ఎంతమాట అనిపిస్తుందో చూడండి. 1551లో ఆయన శిష్యుని పేరును ఉన్మాది అనే అర్థం వచ్చేట్లు మార్చి, ఒక ఖండన గ్రంథమే వెలువరించినాడు.

గాలెన్‌ను కన్నుతో సరిచూచినవారిలో వెసాలియస్ మొదటివాడు కాడు. ఈజిప్టులో 1200 ప్రాంతపు ఘోరక్షామంలో కుప్పలుగా పడిన అస్థిపంజరాలను పరీక్షించి, క్రింది దవడ రెండెముకలు కాదు, ఒకటేనని అబ్దుల్ లతీఫ్ బాగ్దాదీ అంతకు మూడు శతాబ్దాల ముందే వ్రాసినాడు. ఆ పుస్తకం వెసాలియస్ చేతికి అందలేదు.

మహాగ్రంథం వెలువడిన వెంటనే వెసాలియస్ పాడువాను విడిచి, తన వ్రాతప్రతులను కొన్నింటిని అగ్నిపాలు చేసి, ఐదవ చార్లెస్ చక్రవర్తి కొలువులో వైద్యుడైనాడు. పరిశోధకునికి రాజాస్థానం తగిన చోటు కాదని నాకు తోస్తుంది. అయినా 1555లో గ్రంథాన్ని సవరించి మరల అచ్చువేయించినాడు. 1564లో జెరూసలేం యాత్రచేసి మరలి వస్తూ, అక్టోబరులో గ్రీకు ద్వీపమైన జాంటేలో మరణించినాడు. ఆయన సమాధి ఎక్కడ ఉన్నదో తెలియదు. 1543లో బాసెల్‌లో ఆయన తన చేతులతో కూర్చి నిలిపిన మానవ అస్థిపంజరం మాత్రం ఆ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో నేటికీ ఉన్నది.