వంటశాలలో సంతృప్తి – సహోదరుడు లారెన్సు

సంతృప్తిగల జీవితమునకు మంచి ఆరోగ్యము, నచ్చిన పని, నెమ్మదియైన స్వభావము ఉండవలెనని మనలో అనేకులు తలంతురు. సహోదరుడు లారెన్సుకు ఈ మూడును లేవు.

ఆయన అసలు పేరు నికొలాస్ హెర్మన్. నేటి ఫ్రాన్సు దేశపు తూర్పు భాగమైన లొరేన్ సీమలో 1614 ప్రాంతమున సామాన్య కుటుంబములో జన్మించెను. 18 ఏండ్ల ప్రాయమున చలికాలములో ఆకులు రాలిన ఒక చెట్టును చూచి, అది మరల చిగిర్చి కాయునని తలపోయుచుండగా దేవుని పోషణ ఎట్టిదో ఆయన హృదయమునకు తట్టెను. ముప్పది సంవత్సరముల యుద్ధములో సైనికుడుగా గాయపడి కుంటివాడాయెను. తరువాత ఒక కోశాధికారి యింట సేవకుడుగా చేరెను గాని, చేత పట్టినదెల్ల పగులగొట్టు మొరటువాడనని తన్నుగూర్చి తానే చెప్పుకొనెడివాడు.

1640లో పారిసు నగరమందలి కర్మెలీయ మఠములో చేరగా ఆయనకు వంటశాల అప్పగించిరి. వంటపని ఆయనకు మొదటినుండి బొత్తిగా గిట్టదు. అయినను 15 సంవత్సరములు ఆ పనియే చేసెను. ఒకరు ఇది కావలెనని, ఇంకొకరు అది కావలెనని ఒక్కసారిగా కేకలు వేయుచుండగా పొయ్యి దగ్గర నిలుచుట ఎట్లుండునో, ప్రేమవిందుకు వండి వడ్డించిన మన తల్లులకు వేరుగ చెప్పనక్కరలేదు.

అంతకంటె పెద్ద శ్రమ లోపలిది. నాలుగేండ్లపాటు తాను నశించువాడనని ఆయన గట్టిగా నమ్మెను. ఎవరి ఓదార్పును ఆ భయమును తీర్చలేదు. ఇది పుట్టుకతో నవ్వుముఖము గలవాని కథ కాదని ఇక్కడ గమనింపవలెను. కడకు ఆయన ఒక నిశ్చయమునకు వచ్చెను: తన గతి ఏమైనను సరే, బ్రతికినంతకాలము ప్రతి పనిని దేవునియందలి ప్రేమచేతనే చేయుదును, ఈ బాధ జీవితాంతమున్నను భరించుదును అని. నెమ్మది కావలెనని పట్టుబట్టుట మానిన పిమ్మటనే నెమ్మది కలిగెను!

అటుపిమ్మట పెనముమీద గ్రుడ్డట్టు తిరుగవేయుటయు, నేలమీది గడ్డిపరక ఎత్తుటయు ఆయనకు ఆరాధనయే. ప్రార్థనవేళకును పనివేళకును భేదము లేకపోయెను. మధ్యలో దేవుని మరచినయెడల చింతించుచు కూర్చుండక, తప్పు ఒప్పుకొని వెంటనే ఆయన సన్నిధికి మరలెడివాడు.

ఒకసారి మఠమునకు ద్రాక్షారసము కొనుటకు ఆయనను బుర్గుండికి పంపిరి. (ద్రాక్షారసమనగానే మనవారు కనుబొమలెత్తవద్దు, ఆ దేశమున అది నిత్యభోజనములోనిది.) బేరము ఎరుగనివాడు, పైగా కుంటివాడు. పడవలో పీపాలమీద దొర్లుచు తప్ప కదలలేకపోయెను. అయినను పని దేవునిదేయని చెప్పి, దిగులుపడక ముగించుకొని వచ్చెను.

కాలి బాధ ఎక్కువైన తరువాత చెప్పులు కుట్టు పనికి మారెను. 1691 ఫిబ్రవరి 12న మరణించెను.

జోసెఫ్ ద బోఫోర్ అను గురువు ఆయనతో జరిపిన సంభాషణలను, ఆయన లేఖలను చేర్చి ప్రచురింపగా, దేవుని సన్నిధిని అభ్యసించుటను గూర్చిన చిన్న గ్రంథమాయెను. రోమను కథోలిక మఠవాసి మాటలైనను ప్రొటెస్టంటులు వాటిని ఆదరించిరి. జాన్ వెస్లీ తన గ్రంథమాలలో చేర్చెను. ఆ లేఖలలో ఒకదానిని ఎవరికిని చూపవద్దని లారెన్సు కోరియుండెను. అదియు అచ్చులోనే యున్నది.