జోసెఫ్ ఫ్రౌన్‌హోఫరు

వస్తువు తయారగుచుండగనే దాని బాగోగులను వెలుగునడిగి తెలిసికొనిన పనివాడొకడు జర్మనుదేశమున నుండెను. ఆతని చరిత్రమును మా తోడి విద్యార్థులకు సంగ్రహముగ దెలుపగోరుచున్నాము.

జోసెఫ్ ఫ్రౌన్‌హోఫరు 1787వ సంవత్సరము మార్చి 6వ తేదీన బవేరియాలోని స్ట్రౌబింగు పట్టణమున జన్మించెను. తండ్రి గాజుపనివాడు, ఈతడు పదునొకండవ బిడ్డ. పదునొకండేండ్లకే తల్లిదండ్రులను గోల్పోయి, మ్యూనికు నగరమున అద్దములు చేయు యజమాను నొద్ద ఆరేండ్లు జీతములేని శిష్యుడుగ చేరెను. ఆ యజమానుడు బాలుని పుస్తకములు ముట్టనీయడయ్యెను. 1801 జూలై 21వ తేదీన ఆ యిల్లు హఠాత్తుగ కూలిపోయెను. యజమానుని భార్య మరణించెను. బాలుడు మాత్రము శిథిలముల క్రింద కొన్ని గంటలుండి ప్రాణములతో వెలికిదీయబడెను. అచటికి వచ్చియున్న బవేరియా ప్రభువు మాక్సిమిలియన్ జోసెఫు కనికరించి 18 బంగారు నాణెము లిచ్చెను. ఆ యీడున మనకు అంతటి ధనము దొరికినచో ఏమి కొనియుందుమో! అతడు గాజును సానబట్టు యంత్రమును కొని, కొంత ధనముతో తన శిష్యత్వమునుండి విడుదల పొందెను.

1806లో ఉట్స్‌ష్నైడరను నతని యంత్రశాలలో ప్రవేశించి, పిమ్మట బెనెడిక్ట్‌బాయెర్ను గ్రామమందలి పాత మఠములోని గాజుకొలిమికి చేరెను. ఆ కాలపు గాజులో జీరలుండెడివి. ఒక కొలిమిలో దీసిన గాజు మరియొక కొలిమిదానితో పోలకుండెను. దూరదర్శినికి కటకము చేయువారు అదృష్టమును నమ్ముకొనవలసి వచ్చెడిది. ఫ్రౌన్‌హోఫరునకు ఇది నచ్చలేదు. సానబట్టిన కటకమును సరియైన మాదిరిగాజుపై నుంచి, రెంటినడుమ గాలిపొరయందు గనబడు రంగుల వలయములను చూచుచుండెను. వెంట్రుక మందములో నూరవవంతు తేడాయున్నను ఆ వలయములు వంకరపోవును. లోపము పనిముగియక మునుపే బయటపడెడిది.

గాజు స్వభావమును కొలుచుట యింతకంటె కష్టము. ఏ రంగు వెలుగును గాజు ఎంత వంచునో తెలియవలెను. కాని వర్ణపటములో రంగు లొకదానిలో నొకటి కలిసిపోవును, కొలతకు హద్దురాయి లేదు. దీపపు వెలుగులో ప్రకాశవంతమైన పసుపుగీత నతడు కనుగొనెను. 1814లో సూర్యకాంతియందును అట్టిదానిని వెదకుచు, చీకటిగది కిటికీ సందునుండి వచ్చు వెలుగును 24 అడుగుల దూరమున పట్టకము ద్వారా చూచెను. అచట నల్లని గీతలు లెక్కకు మిక్కిలిగ గానవచ్చెను! ఇంగ్లండున వోలాస్టను 1802లో కొన్నిటిని చూచి విడిచెను. ఈతడో 570కి మించి లెక్కించి, ముఖ్యమైనవానికి అక్షరములతో పేరు లిడెను. పసుపుగీత యుండుచోట సూర్యకాంతిలో నల్లగీత యుండెను. కారణమాతనికి తెలియదు, కాని కొలతకు హద్దురాళ్లు దొరకెను.

విశ్వవిద్యాలయమున చదువని పనివానికి విద్వత్సభలో స్థానమేల యని కొంద రాక్షేపించిరి. ఆ యాక్షేపణ నిలువలేదు. 1824లో డోర్పాటు నక్షత్రశాలకు ఆతడు చేసిన దూరదర్శిని నాటి కటకదర్శినులలో మేటిది. గీతలను లోకమునకు ప్రకటించెను గాని, గాజు కరగించు మర్మమును మాత్రము వ్యాపారరహస్యముగ దాచెను. ఇది మాకు కొంత కొరతగ దోచుచున్నది. 1826 జూన్ 7వ తేదీన క్షయరోగముచే, 39 ఏండ్లకే మరణించెను.

గీతల యర్థమును 1859లో కిర్కాఫు, బున్సెనులు తెలిపిరి: ప్రతి మూలపదార్థమునకు దాని గీతలే గుర్తు. ఆ పసుపుగీత సోడియముది. 1868 ఆగస్టు 18వ తేదీ గ్రహణమున జాన్సెనను ఫ్రెంచి పండితుడు మన గుంటూరునుండి సూర్యుని యంచున లేచు జ్వాలలను ఈ విధముగనే పరీక్షించి, వానిలో హైడ్రోజను గలదని గ్రహించెను.

1949లో మ్యూనికున స్థాపితమైన పరిశోధనసంఘమునకు ఈతని పేరే పెట్టిరి. ఆ సంఘమువారు 1985లో ఆకెను నగరమున లేసరు పరిశోధనాలయమును నెలకొల్పిరి. లేసరుకిరణముతో లోహము నతుకునపుడు కరగిన మడుగునుండి వెలుగు పైకి లేచును. కిరణము వచ్చిన కటకముల ద్వారానే అది వెనుకకు పోగా, సగము వెలుగును వదలు నద్దము దానిని ప్రక్కకు మళ్లించి ఫోటోడయోడునకు చేర్చును. ఆవిరి వెలుగు, మడుగు వేడిమి, తిరిగివచ్చు లేసరు కాంతి, ఈ మూడును వేర్వేరుగ కొలువబడును. అతుకు లోతు తగ్గినను, బుడగలు పడినను కొలతలో మార్పు గానవచ్చును. వర్ణపటదర్శినిని గూడ చేర్చినచో, జింకుపూతగల యినుపరేకుల నతుకునపుడు ఆ పూత ఆవిరియగుట జింకు గీతలవలన తెలియును.